థర్మామీటరు మేస్త్రి వేలు

మా ఆయనకు రస్కుల ఫ్యాక్టరీలో పెట్టిన పేరు థర్మామీటరు. ఇంట్లో నేను పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి, అవి మీకు చెప్పను. మా కాపురంలో తగువల్లా ఒక్కటే, వేడి. పొగలు కక్కే నీళ్ళు బకెట్టులో పోసి అలా తిరుగుతానో లేదో, ఆయన అందులో వేలు ముంచి కేకేస్తారు.

"ఏమే, చల్లారబెట్టి మరీ పోశావా?"

పోసుకున్నాక మాత్రం కిక్కురుమనరు. టీ సంగతీ అంతే. నేను గుడ్డతో పట్టుకొచ్చిన గ్లాసును ఆయన ఉత్త చేత్తో అందుకుని, "ఇది నిన్నటి టీయా?" అంటారు. అని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తాగుతారు. ఊదడం దేనికండీ అని అడిగితే అలవాటంటారు. మనిషి బంగారం, కాదనను. ఈ ఒక్క విషయంలోనే ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ ధీమాకు కారణం ఫ్యాక్టరీయే. అక్కడ ప్యాకెట్లకు మూతి అతికించే మిషను ఆయనది. పైనున్న చుట్ట నుంచి ప్లాస్టిక్ కాగితం జారుతుంది, దాంట్లో రస్కులు పడతాయి, వేడెక్కిన రెండు ఇనప పట్టీలు వచ్చి దాన్ని కరిచి వదులుతాయి. ఇవతలి చివర నేను కూర్చుని ప్యాకెట్లను అట్టపెట్టెల్లో సర్దుతుంటాను. వేడిని పెంచి తగ్గించే మర మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. అందుకని ఆయన పొద్దున్నే చూపుడువేలు నాలికకు అద్దుకుని పట్టీకి తాకించేవారు. చుయ్ మనేది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి, మర కాస్త తిప్పి, "ఊఁ, కానివ్వండి" అనేవారు. ఆ మాట అనేదాకా షెడ్డులో ఎవరి చెయ్యీ కదిలేది కాదు. కొత్తగా చేరినవాళ్ళకు ముందు అదే చూపించేవాళ్ళం. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

అలాంటిది, దుకాణాల నుంచి సరుకు తిరిగి రావడం మొదలైంది. రస్కులు మెత్తబడిపోతున్నాయట. చూస్తే నిజమే, ప్యాకెట్ల మూతులు విడిపోతున్నాయి. వేడి చాలడం లేదని మా ఆయన మర ఇంకొంచెం తిప్పారు. సరుకు ఇంకా ఎక్కువ తిరిగొచ్చింది. మళ్ళీ తిప్పారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. చివరికి యజమాని ఆయన్ని పిలిచాడు.

"చూడు మేస్త్రీ, మీటరు పెట్టిస్తున్నాను. దాంతోనూ బాగుపడకపోతే ఈ మిషను అమ్మేసి కొత్తది తెస్తా. దానికి మనిషి అక్కర్లేదు. నువ్వు గోడౌన్లో అట్టపెట్టెలు చూసుకుందువు గాని."

ఆ సాయంత్రం మా ఆయన నీళ్ళు చల్లగా ఉన్నాయని కూడా అనలేదు. నాకు భయం వేసింది. ఆ మిషను దగ్గర నుంచి తీసేస్తే ఆ మనిషి మనిషిగా ఉండడు.

మీటరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియను ఎవరో కాదు, మా తమ్ముడే. వాడికి బావంటే ప్రాణం, బావను ఏడిపించడమంటే ఇంకా ప్రాణం.

"బావా, నీకు పోటీగా ఒకణ్ణి తెచ్చాను, చూడు" అని చిన్న డబ్బా తీశాడు. వేడిని కనిపెట్టే తీగ ఇదివరకు మిషను ఒంటికి ఎక్కడో బయట కట్టి ఉండేది. తమ్ముడు ఇనప పట్టీకే చిన్న బెజ్జం వేసి, ప్యాకెట్టును కరిచే చోటుకు దగ్గరగా కొత్త తీగ దూర్చాడు.

"దీనికీ పాతదానికీ తేడా ఏమిట్రా?" అన్నాను.

"పాలు పొంగాక పొయ్యి దగ్గరికి పరిగెత్తేదానివి నువ్వు. పొంగబోతుంటేనే మంట తగ్గించేది అమ్మ. పాత తీగ నువ్వక్కా, ఈ మీటరు అమ్మ."

నన్నొక మాట అనకపోతే వాడికి పొద్దుపోదు.

ప్లాస్టిక్ కాగితం అమ్మినవాళ్ళు చెప్పిన వేడికే మీటరు పెట్టాడు. అంకెలు మెల్లగా ఎక్కి అక్కడే నిలబడ్డాయి. యజమాని కూడా వచ్చి నిలుచున్నాడు. మా ఆయన వేలు తడిచేసుకుని పట్టీకి తాకించారు.

"చల్లగా ఉంది. ఇది చస్తే అతకదు."

"అతుకుతుంది బావా."

"నాకు చెప్తున్నావట్రా?"

"నీకెందుకు చెప్తాను, నీ వేలికి చెప్తున్నా."

ఆ వేడికి కొన్ని ప్యాకెట్లు తీసి, బకెట్టు నీళ్ళలో ముంచి నొక్కాడు. ఒక్క బుడగ రాలేదు. మా ఆయన ఊరుకోలేదు, తన లెక్క ప్రకారం పెట్టమన్నారు. అంకెలు పైకి పోతున్నాయి. వేలు తాకిస్తున్నారు, చాలదంటున్నారు. ఆఖరికి "ఊఁ, ఇదీ" అన్నారు. ఆ ప్యాకెట్లు నీళ్ళలో ముంచితే అతుకు పొడవునా బుడగలే. ఎక్కువ వేడికి ప్లాస్టిక్ మాడి, ముడుచుకుని, అతుకు పక్కనే చిట్లిపోతోంది. అది చూసి అతకలేదనుకుని ఆయన ఇంకా వేడి పెంచుతూ వచ్చారు.

"మీటరు అబద్ధం చెప్తోంది" అన్నారు.

"మీటరు సంగతి వదిలెయ్ బావా. బుడగలు అబద్ధం చెప్పవు కదా" అన్నాడు తమ్ముడు. ఈసారి వాడు నవ్వలేదు.

నేను ఆయన వేలు చూశాను. రోజూ చూసే వేలే. ఏళ్ళ తరబడి వేడి ఇనుము తాకీ తాకీ ఆ కొస మడమలా మొద్దుబారిపోయి ఉంది. బకెట్టులో ముంచేదీ ఆ వేలే, టీ గ్లాసు అందుకునేదీ ఆ చెయ్యే. ఊదుకుంటూ తాగే నోటికి మాత్రం వేడి తెలుస్తూనే ఉంది. వేలికి తెలివి తగ్గేకొద్దీ మిషనుకు వేడి పెరుగుతూ వచ్చిందన్నమాట. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు ఊరంతా చెప్పేవారు. "నీళ్ళు చల్లగా లేవని నేను మొత్తుకోలేదా" అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. ఎదురుగా యజమాని ఉన్నాడు. ఆ రోజు మాత్రం నువ్వుగింజ నానింది.

పక్క బల్ల మీద అప్పుడే తెచ్చిన టీ గ్లాసు ఉంది. మా ఆయన దానికి చూపుడువేలు ఆనించి కాసేపు ఉంచారు. తరవాత చెయ్యి తిప్పి వెనక వైపు ఆనించారు. చటుక్కున లాక్కున్నారు. మీటరు వైపు కాదు, నా వైపు చూశారు. తరవాత యజమాని వైపు తిరిగారు.

"మీటరు నిజమే చెప్తోందండీ. మొద్దుబారింది నా వేలు. ఇన్నాళ్ళూ ప్యాకెట్లు మాడ్చింది నేనే."

గోడౌన్ ఖాయమనుకున్నాను. యజమాని కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇది నీ అంతట నువ్వు చెప్పకపోతే నేను నీ వేలినే నమ్మి, మీటరును తప్పుపట్టి, మిషను అమ్మేసేవాణ్ణి" అన్నాడు. "ఇక్కడే ఉండు మేస్త్రీ. పొద్దున్నే వేలు పెట్టకు, బకెట్టు పెట్టు."

మా తమ్ముడు బావ భుజం మీద చెయ్యేసి, "పోటీ నువ్వే గెలిచావు పో" అన్నాడు. ఆ మాటకు వాడి మీద నాకున్న కోపాలన్నీ పోయాయి.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే పొగలు కక్కే నీళ్ళు పోశాను. లోపలి నుంచి కేక రాలేదు. కాసేపటికి మెల్లగా పిలిచారు.

"ఏమే, ఒకసారి ఇలా రా. నువ్వు చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను, తీశాను. "కాలిపోతున్నాయి."

"రోజూ ఇలాగేనా?"

"రోజూ ఇలాగే."

ఆయన పీట మీద కూర్చున్నారు. "పిచ్చిదానా, ఎన్నేళ్ళు ఆడిపోసుకున్నానే నిన్ను" అన్నారు. ఆ రోజు కోసం నేనెంత కాచుకున్నానో దేవుడికి తెలుసు. తీరా వచ్చాక గెలిచిన సంతోషమే రాలేదు. ఆ వేలు చూస్తే జాలేసింది. ఆ మనిషి మీద కొత్తగా ప్రేమ కూడా కలిగింది.

"అనవే" అన్నారు. "చెప్పలేదా అని అనాలనుంది కదా, అను."

"మోచెయ్యి పెట్టి చూసుకోండి" అని, నేను చన్నీళ్ళు ఒక చెంబు కలిపాను. ఆయన మోచెయ్యి ముంచి, ఇంకో చెంబు పొయ్యమన్నారు. పోశాను.