బయమ్మ మైకు పట్టిన పొద్దు

కొత్తచెరువు పక్క ఊళ్ళల్లో ఎవరికి బొడ్డు జారి కడుపు నొప్పి వచ్చినా బయమ్మ వసారాకే వస్తారు. కడుపు మీద చిన్న దీపం పెట్టి, దానిపై చెంబు బోర్లిస్తుంది. చెంబు చర్మాన్ని పట్టి లాగుతుంది. బొడ్డు చోటుకొచ్చిందని ఆమె అంటే వచ్చినట్టే.

పంచాయతీ ఎన్నికలప్పుడు, ఓ పొద్దున, ఆమె మనవడు కిరణ్ నడుం వంచుకుని వచ్చి పడ్డాడు. పద్నాలుగేళ్ళవాడు.

"కడుపు నొప్పి అవ్వా."

చెంబు పట్టింది. వాడు వాంతి చేసుకున్నాడు. మళ్ళీ పెడితే కేక పెట్టాడు.

"బొడ్డు యాడిదాడే ఉండాది కదరా! సరిగ్గా యాడ నొప్పి?"

వాడు గోడవైపు తిరిగాడు. "కింద."

"మోకాలా?"

"అంత దూరం పోవద్దవ్వా."

కట్టుకున్న తువ్వాలు తొలగించి చూస్తే ఒక పక్క వాచి, ఎర్రబడి, పైకి లాక్కుపోయి ఉంది. "నీ నోట్లో మన్నుబొయ్య, దీపం ముట్టీకముందే చెప్పకూడదా!"

ఎదురింటి ఆరెంపీ డాక్టరు నరసింహప్ప వచ్చి చూశాడు. "పెద్దమ్మా, లోపల నరం మెలిపడినట్లుండాది. మాత్రలతో కాదు. ఆలస్యమైతే ఆ బీజం చచ్చిపోతాది. ఇప్పుడే అనంతపురం తీస్కపోండి. ఆపరేషన్ చేస్తారేమో, నీళ్ళు గూడా తాపొద్దు."

బస్సు వెళ్ళిపోయింది. వీధిలో ఉన్నది సర్పంచి పదవికి నిలబడిన హనుమంతరాయుడి ప్రచారం జీపొక్కటే. బయమ్మ దానికి అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా హనుమంతరాయా, మా ఇంట్లో ఓట్లు కావల్లంటే జీపు పంపు!"

అవ్వనూ మనవణ్ణీ ఎక్కించుకున్న జీపు ధర్మవరం బజారులో జనం మధ్య ఆగిపోయింది. హారన్ కొట్టేకొద్దీ, కరపత్రాలు పంచుతారేమోనని జనం ఇంకా దగ్గరికొచ్చారు. బయమ్మ మైకు లాక్కుంది.

"ఓట్లకు కాదప్పా! మా పిల్లోనికి వట్ట మెలిపడింది! దోవ ఇయ్యండి!"

 మగవాళ్ళంతా కాళ్ళు దగ్గరికి తీసుకుని పక్కకు జరిగారు.

కిరణ్ జీపుకు కట్టిన బ్యానరును ముఖం మీదికి లాక్కున్నాడు. "అవ్వా, పేరు చెప్పొద్దు!"

"కిరణు పేరు చెప్పొద్దంటాండాడు, జరగండప్పా!"

ఆసుపత్రిలో వెంటనే కోసి, మెలి విప్పి, మళ్ళీ తిరక్కుండా రెండు పక్కలా కుట్లు వేశారు. బీజం దక్కింది. ఇంకాస్త ఆగివుంటే తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

గాయం మానేదాకా కిరణ్ ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట, "నా మానం తీసినావవ్వా."

"మానం మల్లొస్తాది నాయనా. అది మల్లొస్తాదా?"

ఇప్పుడు మీసాలు మొలిచే వయసువాడు ఎవడు కడుపు పట్టుకుని వచ్చినా, బయమ్మ అగ్గిపుల్ల గీయదు.

"పైనా, కిందా? నిజం చెప్తావా, మైకు తెమ్మంటావా?"