దుప్పటి వెనక బీరువా

ఒక ఇల్లు కట్టాలంటే ఎంతమంది కావాలో నాకు సరిగ్గా తెలియదు. కట్టకుండా ఆపాలంటే మాత్రం ఒక్కడు చాలు. ఆ ఒక్కడు ఎలా ఉంటాడో చూడాలనుంటే నన్ను చూడండి. కాస్త కుదురుగా కూర్చోండి, చెబుతాను. కూర్చునే ముందు కుర్చీ కిందికి తొంగి చూడకండి. ఆ రోగం నాది, మీకెందుకు?

అప్పట్లో నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేవాణ్ణి. బండ్ల విడిభాగాలు నా ముందు నుంచి పోతుంటాయి. బాగున్నవాటిని వదిలెయ్యాలి, పాడైనవాటిని తీసి పారెయ్యాలి, ఎటూ తేలనివాటికి పసుపురంగు పెయింటు పెన్నుతో ఒక చుక్క పెట్టి పక్కన ఉంచాలి. ఈ చుక్కల పనిలో నన్ను మించినవాడు లేడు. ఎందుకంటే నా లెక్కలో తేలినదంటూ ఏదీ ఉండేది కాదు. ఆదివారాలు కూడా ఆ పెన్ను నా చొక్కా జేబులోనే ఉండేది. ఒకసారి కూరగాయల బండి దగ్గర వంకాయకు చుక్క పెట్టి తిట్లు తిన్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు కామెర్లు లేవు, పెన్ను ఉంది. లోకానికి రంగు నేనే వేసేవాణ్ణి.

ఇలాంటివాణ్ణి జయమ్మ టీచర్ సేవా కార్యక్రమంలోకి లాగారు. ఆవిడ ఉద్యోగ విరమణ చేశాక, నలుగురినీ పోగుచేసి ఇల్లు లేని కుటుంబాలకు ఇళ్ళు కట్టించే పని పెట్టుకున్నారు. దాతలు సిమెంటు ఇస్తారు, ఇటుకలు ఇస్తారు. మేస్త్రీలు గోడ కడతారు. మావంటి ఫ్యాక్టరీవాళ్ళు, ఆఫీసువాళ్ళు ఆదివారాల్లో పోయి ఇటుకలు అందించి, అరచేతుల్లో బొబ్బలు తెచ్చుకుని, వాటిని వారమంతా అందరికీ చూపిస్తాం. నాతో కూడా ఇటుకలు మోయించారు. నేను ప్రతి ఇటుకనూ తిప్పి చూసి గాని పక్కవాడికి ఇచ్చేవాణ్ణి కాదు. పైన మేస్త్రీ చెయ్యి చాపుకుని నిలబడేవాడు, నా వెనక వరసంతా ఇటుకలు పట్టుకుని గొణిగేది.

చివరికి టీచర్ నన్ను పక్కకు పిలిచారు.

"శీనప్పా, నువ్వు ఇటుకలు మోసేది వద్దప్పా."

"ఎందుకు మేడం?"

"నువ్వుంటే ఈ ఇల్లు నా కాలంలో లేవదు. ఇల్లు ఎవరికి ఇయ్యాలో పోయి చూసి వచ్చే పని చెయ్యి. అనుమానం ఆడ పనికొస్తుంది."

తిట్టారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పదోన్నతి వచ్చినట్టు పొంగిపోయాను.

మొదటి తనిఖీ హోసూరు దగ్గర తళి అనే ఊరు దాటాక ఒక చిన్న పల్లెలో. చూడాల్సింది మునెమ్మ ఇల్లు, అదే వీధిలో లచ్చుమమ్మ ఇల్లు. మునెమ్మ భర్త మారప్ప గులాబీ తోటలో కూలి. మునెమ్మ అత్త తిమ్మక్క కూడా వాళ్ళతోనే ఉంటుంది. పోయిన వానలకు మునెమ్మ ఇంటి గోడ ఒకటి పడిపోయిందనీ, మళ్ళీ వానలు దిగేలోపు ఇల్లు లేవాలనీ టీచర్ నాకు ముందే చెప్పారు. నేను సరేనంటే త్వరలోనే పునాది. వద్దంటే ఆ సిమెంటూ ఇటుకలూ కల్లావి వైపు ఇంకో ఊరికి పోతాయి, మునెమ్మ ఆ గుడిసెలోనే వానలో తడవాలి. అంత బరువును తీసుకొచ్చి నా జేబులోని పెన్ను మీద పెట్టారన్నమాట.

బస్సు దిగి వీధిలోకి అడుగుపెట్టగానే నాకు మొదటి అనుమానం వచ్చింది. అందరూ నవ్వుతున్నారు. పనిలేకుండా నవ్వే మనిషిని నేను ఎప్పుడూ నమ్మలేదు.

"రాప్పా, రా. కూర్చో" అంది తిమ్మక్క.

గుడిసె ముంగిట్లో నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ. ఒక చేతికి పగులు, దానికి రాగితీగ చుట్టి ఉంది. కూర్చోగానే నా చేతికి లోటా వచ్చింది. వెండి లోటా! అందులో నురుగు కాఫీ. లోపల గోడకు గడియారం టిక్కుటిక్కుమంటోంది. వెనక వైపు పైనుంచి కిందిదాకా నెమళ్ళ బొమ్మల దుప్పటి ఒకటి వేలాడుతోంది. నేను కళ్ళు చికిలించాను.

"గోడ పడిపోయిందన్నారు. ఏదీ?"

మునెమ్మ ఏదో చెప్పబోయింది. తిమ్మక్క అడ్డుపడింది. "గోడకేమప్పా, యాడికి పోతుంది? ఎండన పడి వచ్చినావు. మొదట కాఫీ తాగు."

"ఈ లోటా వెండిదేనా?"

"ఏదైతే ఏమప్పా, కాఫీ బాగుందా లేదా?"

ఇది జవాబు కాదని తెలియనంత అమాయకుణ్ణా నేను? ఇంతలో ఆ దుప్పటి కదిలింది. దాని వెనక నుంచి చల్లటి గాలి జిల్లుమని నా చెవికి తగిలింది.

"దుప్పటి వెనక ఏముంది?"

"ఏమీ లేదప్పా."

"నేను ఒకసారి ఇంటి వెనక్కి పోయి చూస్తాను."

"వద్దు వద్దు. ఆడ మేక ఉంది. కొత్తవాళ్ళను పొడుస్తుంది."

దుప్పటి వెనక ఏమీ లేదని ఆ ముసలమ్మ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తర్వాత తెలిసింది. ఆ పూటకు మాత్రం నా బుర్ర బంగారంలా పనిచేసింది. దుప్పటితో దాచారంటే వెనక బీరువా ఉండాలి. చల్లగాలి వస్తోందంటే ఏసీ కూడా ఉండాలి! గులాబీ కూలికి బీరువా, ఏసీ, వెండి లోటా! జేబులోంచి పెన్ను తీసి, ఎవరూ చూడకుండా కుర్చీ చేతి అడుగున పసుపు చుక్క ఒకటి పెట్టాను. ఎందుకంటారా? అలవాటు. కొందరు గోళ్ళు కొరుకుతారు, నేను చుక్కలు పెడతాను.

లచ్చుమమ్మ ఇంటికి బయలుదేరితే తిమ్మక్క నా చెయ్యి పట్టుకుని తన మోకాళ్ళ నొప్పి సంగతి మొదలుపెట్టింది. ఎడమ మోకాలు అయ్యాక కుడి మోకాలు. నేను వింటున్నట్టు తల ఊపుతూ అటూ ఇటూ చూస్తే, చిక్కుడు తోటలో మారప్ప నెత్తిన ఏదో నీలంరంగు సామాను పెట్టుకుని వంగి వంగి పరుగెత్తుతున్నాడు. దొంగ సొత్తు దాటిస్తున్నాడనుకున్నాను.

లచ్చుమమ్మ ఇంటి ముందు నీలం కుర్చీ. చేతికి రాగితీగ. నా చేతికి వెండి లోటా వచ్చింది. ఇంకా తడిగా ఉంది. లోపల గడియారం కొత్తగా మేకుకు ఎక్కి ఉయ్యాలలా ఊగుతోంది. నేను ఏమీ ఎరగనట్టు కూర్చుని, కుర్చీ చేతి అడుగున వేలితో తడిమాను. వేలికి పసుపురంగు అంటుకుంది. చుక్క ఇంకా ఆరనే లేదు!

పక్కన మారప్ప ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు.

"ఏం మారప్పా, ఇంత చెమట పట్టింది?"

"సుమ్మనే సార్."

సుమ్మనే, అంటే ఊరికే, చెమట పట్టే మనిషిని ఈ లోకంలో నేను చూడలేదు.

బస్టాపు దగ్గరికి వస్తూనే టీచర్‌కు ఫోన్ చేశాను. "మేడం, మోసం! రెండు ఇళ్ళూ ఒకటే ముఠా. ఒకే కుటుంబం రెండు పేర్లతో రెండు ఇళ్ళు కొట్టెయ్యాలని చూస్తోంది. వెండి లోటా, గడియారం, దుప్పటి వెనక బీరువా, ఏసీ!"

"తళిలో ఏసీ ఎందుకప్పా? ఆడ జనం ఎండాకాలం కూడా కంబళి కప్పుకుంటారే!"

"నాకూ అదే అనుమానం మేడం."

టీచర్ మెల్లగా అన్నారు. "సరే. ఆదివారం నేనూ వస్తాను. పొద్దున మీ ఇంటికే వస్తా, ఆడనుంచి కలిసి పోదాం. నువ్వు చెప్పినట్లే ఉంటే వాళ్ళకు ఇల్లు లేదని వాళ్ళ ముందరే చెప్పేస్తాను."

ఆ మాట విన్నాక నాకు వారమంతా నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆదివారం పొద్దున మా అమ్మకు ఈ సంగతి చెప్పగానే ఇల్లు అదిరిపోయింది.

"టీచరమ్మ మన ఇంటికి వస్తాదా? ఇప్పుడారా చెప్పేది? అంత పెద్దమనిషిని చాప మీద కూర్చోబెట్టేదా? నేను పోయి ఓనరమ్మను అడిగి వస్తా, నువ్వు వెనకనే వచ్చి ఆ సోఫా దించుకొని రా. గాజు కప్పులు నేను తెస్తా."

మాది హోసూరులో కింది పోర్షను అద్దె ఇల్లు. పైన ఓనరమ్మ. నేను ఆ సోఫాను నెత్తికెత్తుకుని మెట్ల మలుపు దాకా వచ్చాను. అక్కడ అది గోడకూ రెయిలింగుకూ మధ్య ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడయింది.

"శీనప్పా, ఎవరి సోఫా అది?" టీచర్ గొంతు.

"మనదే మేడం!" సోఫా కింద నుంచే అన్నాను. "పైన ఎండకు పెట్టినాము."

ఎలాగో దాన్ని లాక్కొచ్చి ఇంట్లో వేశాను. టీచర్ దాని మీద కూర్చుని గాజు కప్పులో కాఫీ తాగుతుండగా పైనుంచి ఓనరమ్మ కేక వేసింది. "అక్కా, కాఫీ తాగేది అయిపోతే కప్పులు పంపించు. మా ఇంటికీ చుట్టాలు వచ్చినారు!"

టీచర్ కప్పులోకి చూసి నవ్వుకున్నారు. కాఫీ బాగుంది కాబోలు అనుకున్నాను. మా అమ్మకు మర్యాద తెలుసునని గర్వపడ్డాను కూడా. మీరు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి, మీకేం? ముఠాను పట్టబోయే మనిషికి ఇలాంటి చిన్న విషయాలు కనిపించవు.

పల్లెకు చేరేసరికి వీధి వీధంతా మునెమ్మ ఇంటి ముందు ఉంది. నీలం కుర్చీ టీచర్‌కు వేశారు. ఆవిడ కూర్చోబోతుంటే నేను ఆపాను.

"ఉండండి మేడం!" అని కుర్చీని తలకిందులు చేసి పైకెత్తాను. "ఇదిగో చుక్క! నేను పెట్టిందే. ఈ కుర్చీని నేను ఈ ఇంట్లోనూ చూసినాను, లచ్చుమమ్మ ఇంట్లోనూ చూసినాను. లోటా అంతే, గడియారం అంతే. ఇంక ఆ దుప్పటి వెనక ఉంది చూడండి అసలు గుట్టు!"

"వద్దన్నా" అంది మునెమ్మ.

వద్దన్నదంటే బీరువా ఉన్నట్టే కదా! ఒక్క అంగలో లోపలికి పోయి దుప్పటి పట్టుకుని లాగాను.

బీరువా లేదు. ఏసీ లేదు. గోడే లేదు. మోకాలి ఎత్తు మట్టి దిమ్మె, దాని అవతల చిక్కుడు తోట, తోట ముందు ఒక మేక. అది నోట్లో చిక్కుడు తీగ నములుతూ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తళి గాలి జిల్లుమని వచ్చి నా మొహం మీద కొట్టింది. నేను నెమళ్ళ దుప్పటి భుజాన వేసుకుని, పెళ్ళి పందిట్లో తప్పిపోయినవాడిలా నిలబడ్డాను.

తిమ్మక్క లేచి వచ్చి నా భుజం మీది దుప్పటి తీసుకుంది.

"కుర్చీ ఈ వీధిలోనే ఉండే సరోజమ్మదప్పా. లోటా రేషనంగడి ఆమెది, కూతురి సీమంతానికి వచ్చింది. గడియారం ఎవరిదో నాకే తెలీదు. ఈ వీధిలో ఎవరింటికి పెద్దోళ్ళు వచ్చినా అవే పోతాయి. మేము లేనోళ్ళమా కాదా అని చూసేకి వస్తావని మాకు తెలుసప్పా. అయినా ఇంటికి వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యకుండా ఎట్ల ఉండేది? పడిపోయిన గోడ చూపించి, దాని ముందర కాఫీ ఇచ్చేదా? నా కోడలు గోడ చూపిస్తామనే అనింది. నాకే సిగ్గయి దుప్పటి కట్టినాను."

మునెమ్మ అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ మట్టి దిమ్మె వెనక దూరి మేక పక్కన కూర్చోవాలనిపించింది. నిజంగా చెబుతున్నాను, అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. వాళ్ళ పేదరికాన్ని చూడమని పంపితే, వాళ్ళ మర్యాదను దొంగతనం కింద జమకట్టి వచ్చాను.

అప్పుడు టీచర్ ఆ కుర్చీని తిన్నగా వేసుకుని, నింపాదిగా కూర్చుని అడిగారు.

"శీనప్పా, పొద్దున ఆ సోఫా ఎవరిది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. పొద్దున నాకు భుజాలు తడుముకునే వీలు లేకపోయింది, నెత్తిన సోఫా ఉంది కదా. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ.

"పైన ఓనరమ్మది మేడం."

"దానికి చుక్క పెట్టినావా లేదా?"

వీధి వీధంతా ఘొల్లుమంది. తిమ్మక్క నవ్వీ నవ్వీ తన మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి కింద కూర్చుంది. మునెమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా జేబులోంచి పెన్ను తీసి మారప్ప చేతికి ఇచ్చేశాను. అతను దాన్ని మేకకు అందకుండా పైన చూరులో దోపాడు.

ఆ తర్వాతి ఆదివారమే మునెమ్మ ఇంటికి పునాది పడింది, ఆ వెనకే లచ్చుమమ్మ ఇంటికి. నేను ఇటుకలు మోశాను. ఒక్కదాన్ని కూడా తిప్పి చూడలేదు. వరసలో నా తర్వాతివాడికి అంత వేగం అలవాటు లేక రెండుసార్లు కాలి మీద వేసుకున్నాడు.

వానలు దిగకముందే మునెమ్మ గృహప్రవేశం జరిగింది. పాలు పొంగాక నన్ను లోపలికి పిలిచి ఎర్రరంగు కొత్త కుర్చీ వేసింది. కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత బిగబట్టినా పాడు వేలు ఊరుకోదు కదా, మెల్లగా జారి కుర్చీ చేతి కిందికి పోయింది. ఏదో తగిలింది. చూస్తే వేలికి పసుపు. వాసన చూశాను. పూజకు కలిపిన పసుపు.

తిమ్మక్క గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "ఇది మా సొంతదేనప్పా. నీకు మళ్ళీ అనుమానం రాకూడదని మేమే పెట్టినాము. కాఫీ తాగు."

స్టీలు లోటాలో ఇచ్చింది. అంత మంచి కాఫీ నేను మళ్ళీ తాగలేదు.

కనుక తళి మేక సాక్షిగా, నెమళ్ళ దుప్పటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఇంట్లోనూ కుర్చీ కింద చెయ్యి పెట్టను. దుప్పటి కదిలితే గాలి అనుకుంటాను. ఏ లోటాలో కాఫీ ఇచ్చినా నోరుమూసుకుని తాగుతాను. ఈ మాట తప్పితే ఆ మేక నన్ను పొడుచుగాక.

మీరు కూడా ఎప్పుడైనా హోసూరు వైపు వస్తే మా ఇంటికి తప్పకుండా రండి. కాకపోతే ఒక గంట ముందు ఫోన్ చేసి రండి. సోఫా దించాలి.