అమ్మ గుడిలోకి రాని ఎండాకాలం

మా అమ్మ డాక్టరుకు చెప్పమన్న ఒక మాట నేను చెప్పలేదు. చెప్పానని ఆమెతో అబద్ధమాడాను. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ తప్పు మా నాన్న నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఒక మొండి మనిషి జబ్బుతో ఉన్న పెళ్ళాన్ని రైళ్ళెక్కించి ఊళ్ళు తిప్పి పోగొట్టుకున్నాడని మా చుట్టాల్లో ఒక కథ స్థిరపడిపోయింది. ఆ కథ నిజం కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

డెబ్బైల మధ్యలో మాట. మేం జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురిలోని ఒక క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న కుర్రతనంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేకుల మిల్లులో చేరాడు. అమ్మను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాక, పుట్టింటికి పంపడమే తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళింది లేదు. ఆ సంగతి ఆయన మనసులో ఉన్నట్టుంది. ఆ ఏడు పోగేసుకున్న సెలవంతా ఒక్కసారే పెట్టేశాడు. ముందు పూరీ, అక్కణ్ణించి ఊళ్ళో మా మేనమామ కూతురి పెళ్ళి, ఆ తరవాత సింహాచలం. తిరిగొచ్చేటప్పుడు మావయ్య వాళ్ళను మాతో తీసుకొచ్చి మా ఊరంతా చూపించాలి. టిక్కెట్లు తెచ్చిన రోజు పక్కబట్టలు చుట్టే హోల్డాల్ ఎండలో వేసి తనే కర్రతో దులిపాడు. ఆయన అంత ఉత్సాహంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అక్కను మేం అప్ప అంటాం. అప్ప పెళ్ళయి గోవింద్‌పూర్‌లో ఉండేది. తొలిచూలు కాబట్టి ప్రయాణానికి రాలేదు.

మా వీధిలో తల్లులెవరికీ హిందీ రాదు. ఇంట్లో, పక్కింట్లో, వీధి కుళాయి దగ్గర అంతా తెలుగే. కానీ రేషను దుకాణానికి, పోస్టాఫీసుకు, డిస్పెన్సరీకి వెళ్ళాలంటే హిందీ కావాలి. ఆ హిందీ పిల్లలే. స్కూల్లో చేరిన ఏడాదికల్లా ప్రతి పిల్లాడూ తల్లి వెనక నిలబడి ఆమె తెలుగులో అన్నది హిందీలో చెప్పేవాడు. నేనూ అలాగే పెరిగాను. అమ్మ మాట్లాడాక నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. ఆమె మాటల్లో ఒక్కటి కూడా పోకుండా చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ప్రయాణానికి కొద్దిరోజుల ముందు, నాన్న డ్యూటీలో ఉండగా, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్ళేరుతూ చెప్పింది.

"ఒరే, నాకు ఆగిపోనాది మళ్ళీ కనబడతంది. తగ్గట్లేదు. డాక్టరు కాడికెళ్దాం. నువ్వు సెప్పాల."

నాకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"అప్పని తీసుకెళ్ళు" అన్నాను.

"అది కడుపుతో ఉంది. దానికి సెప్పకు, బెంగెట్టుకుంటాది. మీ నాన్నకీ సెప్పకు. సెలవెట్టీసినాడు, టిక్కెట్లు తీసీసినాడు. ఇరుగమ్మలకి సెప్పితే పొద్దుగూకేలోగా పేటంతా తెలుత్తాది. నువ్వు తప్ప నాకెవరున్నారేటి?"

మర్నాడు వెళ్ళాం. డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆయన పక్కన మందులు కట్టే కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడి తమ్ముడూ నేనూ ఒకే టీములో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. వాణ్ణి చూడగానే నా నోరు కట్టేసినట్టయింది.

"క్యా తక్లీఫ్ హై?" అన్నాడు డాక్టరు, ఏమిటి బాధని.

అమ్మ నా వైపు చూసింది. "సెప్పు బాబూ."

"కమ్‌జోరీ హై" అన్నాను. నీరసంగా ఉంటోందని. "చక్కర్ ఆతా హై." కళ్ళు తిరుగుతున్నాయని. రెండూ అబద్ధం కాదు.

ఆయన అమ్మ కింది కనురెప్ప లాగి చూసి రక్తం తక్కువగా ఉందన్నాడు. తరవాత అడగాల్సిన ప్రశ్న కూడా అడిగాడు. నెలనెలా వస్తోందా, ఆగిపోయిందా అని. ఇది నేను ఖచ్చితంగా రాయాలి, ఎందుకంటే మావాళ్ళలో కొందరు ఆ డాక్టరునీ తిట్టారు. ఆయన అడిగాడు. నేను బల్ల మీదున్న సీసాల వైపు చూస్తూ, ఆగిపోయి రెండేళ్ళయిందని చెప్పాను. ఆయన ఇంకేమైనా ఉందా అన్నాడు. లేదన్నాను. నా పక్కన కూర్చుని, నేను మొత్తం చెబుతున్నాననుకుని, అమ్మ తలూపుతూనే ఉంది.

బయటికొచ్చాక అడిగింది. "అంతా సెప్పినావా?"

"చెప్పానమ్మా."

"ఏటన్నాడు?"

"ఈ వయసులో అలాగే అవుతుందంట. టానిక్ తాగితే తగ్గిపోతుందంట."

"మంచి డాక్టరు" అంది అమ్మ. "సిరాకు పడకుండా అన్నీ అడిగినాడు."

డాక్టరు దగ్గర ఆ మాట దాచడం పిరికితనం. కానీ దారిలో చెప్పిన ఆ రెండో మాటే ఎక్కువ హాని చేసింది. భయం ఉండుంటే అమ్మ ఇంకో దారి వెతుక్కునేది. ఆ భయాన్ని నేనే తీసేశాను.

పూరీ చేరేసరికి ఎండ దంచేస్తోంది. అమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తరవాత "ఇన్ని నీల్లా!" అంది. నాన్న ఆ సముద్రాన్ని తనే తవ్వించినట్టు నవ్వాడు. గుడి దగ్గరికి వెళ్ళాక మాత్రం అమ్మ సింహద్వారం బయటే ఆగిపోయింది.

"మీరెళ్ళి రండి. నాను సెప్పులు సూత్తాను."

"ఓసి నీ తెలివి తెల్లారా!" అన్నాడు నాన్న. "ఇంత దూరం రైల్లో వచ్చింది సెప్పులకి కాపలా కాయడానికేటే? దేవుడికేటి సెప్పమంటావు?"

"నాను బయటున్నానని సెప్పు, ఆయనకి తెలుత్తాది" అంది అమ్మ.

నాన్న హాస్యమనుకుని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వినట్టు చేశాను. ఆమె మాకందరికీ వినబడేలా నిజమే చెప్పిందని తెలిసింది నాకొక్కడికే. జగన్నాథుడి ముందు నిలబడి నేను ఏం మొక్కుకున్నానో గుర్తులేదు. బయటికొస్తే, మా చెప్పులన్నీ వరసగా పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, గోడనీడలో కూర్చుని ఉంది.

ఖుర్దా రోడ్డులో బండెక్కి ఆముదాలవలసలో దిగి ఊరికి చేరాం. పెళ్ళికూతురికి అమ్మ మేనత్త. పసుపు దంచడం దగ్గర్నుంచి అన్నీ ఆమె చేతుల మీద జరగాలి. అమ్మ ఒక్కదానికీ చెయ్యి వెయ్యలేదు. ప్రయాణం బడలికంది, నడుం పట్టేసిందంది. పందిరి బయట పీట వేసుకుని కూర్చుంది. అత్త, అంటే మావయ్య భార్య, అందరూ వినేలా అంది:

"పట్నం ఎల్లి పెద్దింటి మనిసైపోనాది. మా పసుపు అంటుకుంటే సెయ్యి కందిపోతాది కావాల."

అమ్మ దానికీ నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. ఆడబిడ్డగా పుట్టినింట్లో ఆమెకు దక్కిన ఆఖరి మాట అత్త అన్నదే.

సింహాచలంలో మెట్లెక్కలేనంది. కింద నేనూ ఆగిపోయాను. ఆమె మొహం అప్పటికే పాలిపోయి పసుపురంగుకు తిరిగింది. మరచెంబులో నీళ్ళు కొంచెం తాగి అడిగింది.

"టానిక్కు ఎన్నాళ్ళు తాగమన్నాడురా?"

"తగ్గేదాకా" అన్నాను.

అప్పుడు చెప్పొచ్చు. విశాఖపట్నం పక్కనే ఉంది. అక్కడ తెలుగు డాక్టర్లే, ఆడ డాక్టర్లున్నారు. ఆమె మాట ఆమే చెప్పుకోగలిగేది, నా అవసరమే లేదు. నిజం చెబితే నేను ముందాడిన అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం నాకు లేదు.

జంషెడ్‌పూర్ తిరిగొచ్చాక మావయ్య కుటుంబానికి ఊరు చూపించడం మొదలైంది. ఒక సాయంత్రం పార్కులో రంగుదీపాల ఫౌంటెన్లు. ఒక ఆదివారం టెంపో మాట్లాడుకుని డిమ్నా చెరువు. ఆ రోజు అందరికీ పూరీలూ బంగాళదుంప కూరా పులిహోరా అమ్మే చేసింది. చెరువుగట్టు మీద జంఖానా పరిచి కూర్చున్నాం. దల్మా కొండ మీదికి మబ్బు పట్టింది. నాన్న ఈతకొట్టాడు. మావయ్య పిల్లలు "ఫూఫాజీ, ఔర్ ఏక్ బార్!" అని, నాన్నను ఇంకోసారి ఈదమని, మా వీధి పిల్లల దగ్గర కొత్తగా నేర్చుకున్న హిందీలో అరుస్తున్నారు. లేచే వేళకు అమ్మ లేవలేకపోయింది. రెక్క పట్టుకుని లేపాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, జంఖానాను తనే లోపలికి మడిచి చంకలో పెట్టుకుంది. మడుస్తుండగా మరక నాకు కనబడింది. నేను మొహం తిప్పి నీళ్ళ వైపు చూశాను. అమ్మ అందరికన్నా వెనక, చిన్న చిన్న అడుగులేసుకుంటూ టెంపో దాకా నడిచింది.

వానలు పడ్డాక ఒక పొద్దున కుళాయి దగ్గర పడిపోయింది. పెద్దాసుపత్రిలో లోపల గర్భసంచి పాడైందన్నారు, జబ్బు పాకిపోయిందన్నారు. అక్కడి డాక్టరమ్మ నాన్నను నిలదీసింది. ఇన్ని నెలలుగా ఇలా ఉంటే మీరేం చేస్తున్నారు అని. నాన్నకు మిల్లు హిందీ బాగానే వచ్చు. అయినా ఆయన నోట తెలుగే వచ్చింది.

"ఊల్లు తిప్పినానమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అనువాదం చెయ్యమన్నట్టు నా వైపు చూసింది. నేను చెయ్యలేదు.

వార్డులో అమ్మ ఒకసారి నన్ను దగ్గరికి రమ్మంది. గొంతు చాలా నీరసంగా ఉంది.

"ఆ డాక్టరుకి సెప్పినావు కదరా?"

"చెప్పానమ్మా."

నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. దసరాకు ముందే పోయింది.

పదో రోజున అప్ప చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని, చుట్టాలందరి ముందూ నాన్నను అడిగింది.

"పక్కన పడుకున్నోడివి, నీకు తెలీలేదేటి? రైలు రైలుకీ ఎక్కించి తిప్పి సంపేసినావు కదా!"

అందరూ నాన్న వైపు చూశారు. ఆయన గుండు చేయించుకున్న తల వంచుకుని, "అవునమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అదే గుండుతో.

ఆ తరవాత నాన్న రైలెక్కలేదు. సెలవులొస్తే వేరేవాళ్ళ డ్యూటీ తను చేసేవాడు. మావయ్య పోయినప్పుడు కూడా ఊరికి నన్నే పంపాడు. రిటైరయ్యాక పర్సుడీహ్‌లో రెండు గదుల ఇంట్లో నాతోనే ఉన్నాడు. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. రోజూ ఆయనకెదురుగా కూర్చుని తిన్నాను.

ఎనభైల ఆఖర్న ఒక ఎండాకాలం గోవింద్‌పూర్‌లో అప్ప ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళు పూరీ వెళ్ళే ప్రయత్నంలో ఉన్నారు. అప్ప కూతురు, అమ్మ పోయిన సంవత్సరం పుట్టిన పిల్లే, తాత చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"తాతా, ఆప్ భీ చలియే నా! సముందర్ దేఖేంగే!"

"నాను రానమ్మా. మీరెళ్ళండి."

"క్యోఁ? డర్తే హో?" భయమా అని ఆటపట్టించింది.

అప్ప కూర వడ్డిస్తూ, ఎవరినీ చూడకుండా అంది: "ఆయన్ని రమ్మనకే. ఆయనతో పూరీ ఎల్లినోల్లు తిరిగొచ్చి ఎన్నాల్లు బతికినారేటి?"

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. తరవాత మళ్ళీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి అలవాటైన మాట విన్నట్టే ఉన్నాడు. అది చూశాక నేను తట్టుకోలేకపోయాను.

"అప్పా, నాన్న కాదు" అన్నాను.

"ఏటి నాన్న కాదు?"

"అమ్మ నాకు ముందే చెప్పింది. ప్రయాణానికి ముందు. నీకూ నాన్నకూ చెప్పొద్దంది. డాక్టరుకు చెప్పమంది. నేను చెప్పలేదు."

పిల్లను బయటికి పంపించి, అంతా చెప్పాను. డిస్పెన్సరీ, మందుల కుర్రాడు, టానిక్, జంఖానా. అప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇన్నేల్లూ నా నోటితో ఆయన్ని తిట్టించినావురా" అంది చివరికి. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "పదో రోజున నా పక్కనే ఉన్నావు కదరా నువ్వు."

నాన్న కంచం పక్కకు జరిపాడు. ఆయన కొడతాడేమో అనుకున్నాను. కొట్టుంటే బాగుండేది.

"అప్పుడు సెప్పుంటే బతికేదా?" అన్నాడు.

"తెలీదు నాన్నా."

"పోనీ, అదలాగుంచు. కుర్రోడివి, సిగ్గుపడినావు. మరి నన్నందరూ అంటంటే ఎందుకూరుకున్నావు?"

భయమనీ సిగ్గనీ ఏవో వెతుక్కున్నాను, ఏదీ నోటికి రాలేదు. నేను అప్పటికే ఇంట్లో సగం హిందీలోనే మాట్లాడేవాణ్ణి. 'మాఫ్ కర్ దీజియే', క్షమించండి, అన్న మాట నాలిక చివరికి వచ్చింది. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే అనేసే మాట అది. దాన్ని మింగేసి, ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, నాన్న ముందు కింద కూర్చున్నాను.

"అమ్మ సెప్పమన్నాది సెప్పలేదు నాన్నా. నిన్నందరూ అంటంటే అప్పుడూ సెప్పలేదు. నువ్వేటీ సెయ్యలేదు. తప్పు నాది. తప్పయిపోనాది నాన్నా."