తిరగేసిన వరస

ఆఫీసులో అందరూ ఆయన్ని స్కేలుబద్ద అనేవారు. మనిషి అంత సన్నగా, అంత నిటారుగా ఉండేవాడు. గీత వెంట్రుకవాసి పక్కకి పోతే ఆయనకి ఆ పూట అన్నం సయించేది కాదు. ఇళ్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టించే సర్కారు ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ప్లాన్లు గీస్తున్నాడు. అన్ని వేల ఇళ్లు గీసినవాడు ఉండేది మాత్రం అద్దె ఇంట్లో. ఆ మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి ఊరుకునేవాడు.

ఆయన్ని ఇంతవాణ్ణి చేసింది అక్క కుట్టుమిషను. అమ్మానాన్నా పోయాక నలుగురి బట్టలూ కుట్టి తమ్ముణ్ణి చదివించింది. ఇప్పుడు ఆమెకి చూపు మందగించింది. ఉంటున్న గదిలో పట్టపగలు కూడా దీపం కావాలి. కాజాలు, అంచులు చేత్తో కుట్టడమే ఆమె బతుకు, దానికి ఎండ వెలుతురు లేకపోతే చెయ్యి ఆడదు. అందుకే ఊరి చివర కొత్త ఇళ్లకి ఆమె చేత దరఖాస్తు పెట్టించాడు. ఇంటికో పెద్ద తూర్పు కిటికీ, మధ్యాహ్నం దాకా దీపం ముట్టించక్కర్లేదని పదిసార్లు చెప్పాడు. ఆమె పదిసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది.

ఇళ్లు గుట్ట వాలులో రెండు వరసలు, ఎదురెదురుగా. మొదటి వరస మూడు వారాలు కూర్చుని గీశాడు. ఇంతలో శంకుస్థాపనకి తేదీ పెట్టేశారు. రెండో వరస రెండు రోజుల్లో కావాలని పెద్ద ఇంజనీరు నెత్తిమీద కూర్చున్నాడు. స్కేలుబద్ద ట్రేసింగు కాగితాన్ని తిరగేసి, మొదటి వరసనే దింపేశాడు. అదేమీ దొంగపని కాదు, ఆ వృత్తిలో అందరూ చేసేదే. కాకపోతే తిరగేశాక కిటికీలు ఎటు తిరిగాయో చూసుకుని సరిచెయ్యాలి. ఇరవై ఆరేళ్లలో ఏనాడూ మరవని పని, ఆ ఒక్కసారి మరిచాడు.

రెండో వరస కిటికీలు పడమరకి పడ్డాయి. పడమట గుట్టని తొలిచి, మట్టి జారకుండా రెండంతస్తుల ఎత్తు రాతిగోడ కట్టారు. కిటికీకీ గోడకీ మధ్య చాచిన చెయ్యంత జాగా.

సంగతి కనిపెట్టేసరికి ఇళ్ల గోడలు గుండె ఎత్తు లేచాయి. పరిగెత్తుకెళ్లి తప్పు తనదేనని ఇంజనీరుకి చెప్పేశాడు. ఇంజనీరు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు, తిట్టను కూడా తిట్టలేదు. ప్లాను మార్చాలంటే నాలుగు సంతకాలు మళ్లీ కావాలన్నాడు. ఆ నలుగురిలో ఒకాయన రిటైరయ్యాడు, ఇంకొకాయన బదిలీ మీద పోయాడు. రేకుల షెడ్లలోంచి వచ్చేవాళ్లు కిటికీ ఎటుందని అడుగుతారా అన్నాడు. అయినా జరిగిన పొరపాటు కాగితం మీద రాసిమ్మన్నాడు. స్కేలుబద్ద రాసిచ్చాడు. కాగితం ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి వెళ్లాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఈయనకి ఆకులు కూడా దొరకలేదు.

ఇళ్లు పంచేది చీటీ తీసి. తీరా వంతు వచ్చాక అక్క వెనక్కి తగ్గింది.

"నాకు అంకెలు ఆనవురా. నువ్వే తియ్యి, నీ చెయ్యి మంచిది."

తీశాడు. రెండో వరస, ఏడో ఇల్లు. ఆమె చీటీని కళ్లకద్దుకుంది. ఆయన మాత్రం గుమాస్తా దగ్గరికి వెళ్లి మార్పిడి కుదురుతుందా అని గొణిగాడు. ఐదేళ్ల దాకా కుదరదన్నాడు గుమాస్తా. కుదిరినా ఆ గోడ కిందకి ఇంకెవరినో తోసినట్టే కదా అని స్కేలుబద్దకి అప్పుడు తోచింది.

ఇల్లు మారిన పదిరోజుల దాకా అక్క మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. పదకొండో రోజు ఆదివారం, మిట్టమధ్యాహ్నం వెళ్లాడు. ఇంట్లో లైటు వెలుగుతోంది. ఆమె కిటికీ పక్కన కూర్చుని, సూదిని రాతిగోడకేసి ఎత్తి, దారం కొసని తడిపి మళ్లీ మళ్లీ గుచ్చుతోంది. దారం ఎక్కడం లేదు.

"అక్కా, ఈ కిటికీ…"

"తెలుసురా." ఆమె తల ఎత్తలేదు. "మొదటిరోజే ఎదురు వరసలోకి వెళ్లి చూసొచ్చా. ఒకే ముక్కని తిరగేసి కత్తిరించావు. గుడ్డ కత్తిరించేదాన్ని, నాకు తెలీదా?"



"నన్ను నాలుగు తిట్టవే," అన్నాడు.

"తిడితే ఏమొస్తుంది? గుడ్డయితే కుట్లు విప్పి మళ్లీ కుట్టేదాన్ని." సూదీ దారం ఆయన చేతికిచ్చింది. "ఎక్కించు."

ఎక్కించాడు. ఆమె డబ్బా తెరిచి మిగతా సూదులన్నీ ముందు పెట్టింది. మళ్లీ ఆదివారం తను వచ్చేదాకా సరిపోయేలా, ఒక్కొక్కటే దారం ఎక్కించి వరసగా సూదుల దిండుకి గుచ్చుతూ ఆయన లైటు కింద కూర్చున్నాడు.