ఆ పోస్టర్ మీది నోరు ఎవరిది?

మన సోలాపూర్ తెలుగువాళ్ల వార్షిక సంచికలో ఉద్యోగ జ్ఞాపకాలు వేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. డాక్టర్లు రాశారు, ఇంజినీర్లు రాశారు, ఒక బ్యాంకు మేనేజరు తన బదిలీల గురించి రెండు సంచికల నిండా రాశాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేనే రెండుసార్లు రాసి పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి స్థలాభావం అని జవాబు వచ్చింది. ఆ సంచిక చివరి పేజీలు చీరల దుకాణాల ప్రకటనలతో నిండి ఉన్నాయి. ఈసారి సంపాదకులు మారారని తెలిసి మళ్లీ రాస్తున్నాను.

నేను ఒక వైద్య కళాశాలలో, సామాజిక వైద్య విభాగంలో, మెడికల్ సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం ఏమిటో మా బంధువులకే సరిగా తెలియదు. విభాగానికి పెద్ద ప్రొఫెసరు. ఆయన కింద అసోసియేట్లు, అసిస్టెంట్లు, తర్వాత పీజీ విద్యార్థులు, వాళ్లందరికీ కింద మేము. బస్తీలో క్యాంపు పెట్టాలంటే ఇల్లిల్లూ తిరిగి చెప్పేది, మనుషుల్ని పోగుచేసేది, సమ్మతి పత్రాన్ని వాళ్లకు అర్థమయ్యేలా చదివి వినిపించేది, ఎవరికైనా జబ్బు బయటపడితే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయేది సోషల్ వర్కరే. పరిశోధన వ్యాసంలో మాత్రం మా పేరుండదు. చివర కృతజ్ఞతల్లో ‘క్షేత్ర సిబ్బంది’ అని ఉంటుంది.

కరోనాకు ముందటి చలికాలంలో నాకు రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు నోటి పరీక్ష క్యాంపు. రెండోది, ఆ తర్వాత మా కాలేజీలోనే జరిగే ప్రాంతీయ సదస్సు. జీవశాస్త్రం, వైద్యం చదివేవాళ్లూ పరిశోధించేవాళ్లూ చుట్టుపక్కల జిల్లాల నుంచి, కలబురగి, విజయపుర నుంచి వచ్చి రెండు రోజులపాటు తమ పని ఒకరికొకరు చూపించుకునే సభ అది. క్యాంపులో తేలిన విషయం సదస్సులో చూపించాలని విభాగం నిర్ణయం.

క్యాంపు కేతకి అనే పీజీ అమ్మాయి పరిశోధన కోసం. పుణె వైపు పిల్ల, తెలుగు రాదు, నన్ను బాబాయ్ అన్నట్టు కాకా అని పిలిచేది. పద్ధతి ఇదీ. మొదటి గదిలో ఒక్కొక్కరి పేరు రాసి, దాని పక్కన ఒక నంబరు వేసి, ఆ నంబరు చిట్టీ చేతికిస్తారు. రెండో గదిలో బుగ్గల లోపలి భాగం, నాలుక, నాలుక కింద ఫోటోలు తీస్తారు. ఫోటో మీద నంబరే తప్ప పేరుండదు. తర్వాత నోటి జబ్బుల నిపుణుడు, అది ఎవరి నోరో తెలియకుండానే ఆ ఫోటోలు చూస్తాడు. అనుమానం ఉంటే అప్పుడు నంబరును బట్టి పేరు తీసి మనిషిని పిలుస్తారు. మంచి పద్ధతే. ఇప్పటికీ మంచిదనే అంటాను.

ఆ ఉదయం వచ్చిన ఆడవాళ్లలో చాలామంది నోళ్లు నల్లగా ఉన్నాయి. మాడ్చిన పొగాకు పొడిని మా దగ్గర మిశ్రీ అంటారు, దానితో పళ్లు తోముకునే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. డాక్టరు నోరు చూస్తాడని తెలిసి మామూలుకన్నా గట్టిగా తోముకుని వచ్చారు. కేతకి తల పట్టుకుంది. ఇలా ఎందుకు చేశారని నన్ను అడగమంది. అడిగాను.

"ఏంది సారూ గట్లంటవ్? డాక్టర్ నోట్లకెళ్లి సూస్తడంటే తోముకోకుంట వస్తమా? ఇజ్జత్ ఉండద్దా?" అంది ముందున్న ఆమె.

"నిన్న చెప్తే ఇయ్యాల ఉపాసం ఉండి వస్తుంటిమి," అని వెనక నుంచి ఇంకొకామె. లైనంతా నవ్వు.

అందరి చేతా నోరు కడిగించాల్సి వచ్చింది. నేను నల్లా దగ్గర మగ్గు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరికీ ఎక్కువసేపు పట్టడంతో లైను కదలలేదు. ఇంతలో బీడీ కార్ఖానాలో మాలు ఇచ్చే వేళ దగ్గరపడింది. వేళ దాటితే ఆ రోజు చుట్టిన బీడీలు తీసుకోరు, మర్నాటికి ఆకూ తంబాకూ ఇవ్వరు. లైన్లో గోల పెరిగింది. నేను నల్లా వైపు ఉన్నాను కాబట్టి ఆ గోలలో ఏం జరుగుతోందో చూడలేదు. రెండో గదిలో ఉన్న కేతకీ చూడలేదు.

కొన్నాళ్లకు ఫోటోలు చూసిన నిపుణుడు ఒకే ఒక్క నంబరు మీద వేలు పెట్టాడు. బుగ్గ లోపల తెల్లమచ్చ, దాని మధ్య ఎరుపు. అలాంటి మచ్చ నుంచి ఆలస్యం చేయకుండా చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. వదిలేస్తే క్యాన్సరయ్యే ప్రమాదం ఎక్కువ. నంబరును బట్టి పేరు తీస్తే అంబుబాయి అని వచ్చింది. నేనే ఆమెను పంటి విభాగానికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, ఏమీ లేదు, ఫోటోలో కనిపించింది మిశ్రీ మరకై ఉంటుందని పంపేశాడు. అంబుబాయి నాకు చహా తాగించి బస్సెక్కింది. అంతటితో అయిపోయిందనుకున్నాం.

సదస్సు వచ్చింది. వచ్చినవాళ్లకు బీడీలు చుట్టడం కళ్లారా చూపిస్తే బాగుంటుందని నిర్వాహకులకు తోచింది. వరండాలో జంపఖానా పరిచి, చేటల ముందు కొందరు ఆడవాళ్లను కూర్చోబెట్టే పని నాకిచ్చారు. మొదటి ఏడాది పిల్లలకు కూడా ‘ప్రతినిధి’ అని బ్యాడ్జీ ఇచ్చారు. నాకు ‘వాలంటీర్’ అని ఇచ్చారు. ప్రతినిధులకు శ్రీఖండ్‌తో భోజనం, చేటల దగ్గరి ఆడవాళ్లకు వడాపావ్ పొట్లాలు. నాకూ ఒక పొట్లం ఇచ్చారు. చిన్న విషయమే అని మా ఆవిడ అంటుంది. చిన్నదే, కానీ జరిగింది.

మధ్యాహ్నం పొట్లాలు తిన్నాక ఆడవాళ్లు పోస్టర్లు చూస్తామన్నారు. పోస్టరంటే పరిశోధన అంతా ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి బోర్డుకు తగిలించడం. విద్యార్థి దాని పక్కన నిలబడతాడు, న్యాయనిర్ణేతలు ఒక్కో బోర్డు దగ్గర ఆగి ప్రశ్నలడుగుతారు. కేతకి పోస్టరు నడవా మధ్యలో ఉంది. అందులో ఒక నోటి ఫోటో, చేటంత. గ్లవ్ వేసిన వేలు బుగ్గను పక్కకు లాగి పట్టుకుంది. కింది పళ్లు రెండు లేవు.

"ఇదేందే, గుహ లెక్కున్నది," అంది ఒకామె.

"మీ అత్త నోరే గద! గట్ల తెరిస్తె ఘర్కులంత ఇనబడతది," అంది అంబుబాయి.

"మా అత్తదైతే గింతసేపు సప్పుడు లేకుంట ఉంటదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "సారూ, ఇది మనోళ్లదేనా?" అని అంబుబాయి అడిగింది. ఫోటో కింద ఉన్నది చదివాను. విడీ ఘర్కుల్ క్యాంపులో దొరికిన తీవ్రమైన మచ్చ, పై పరీక్షకు పంపడమైనది, అని ఉంది. మా క్యాంపు నుంచి పంపింది ఒక్క అంబుబాయినే. ఆ మాటే ఆమెతో అన్నాను.

"నాదా? అరే సారూ, నా పండ్లన్ని ఉన్నయ్, సూడు," అని తానే వేలితో బుగ్గ లాగి చూపించింది. పళ్లన్నీ ఉన్నాయి. బుగ్గ లోపల మచ్చ లేదు.

మరి ఆ ఫోటో నీ నంబరు మీదికి ఎలా వచ్చిందని అడిగాను. ఆమె ఏమీ దాచకుండా చెప్పేసింది. "ఆ దినం చిట్టీలు మార్చుకుంటిమి గద సారు. మాల్ ఇచ్చెటోళ్లు ముంగట పోవాలె. నా చిట్టీ ముంగటిది, ఇచ్చేసిన. నాకు ఎన్కదేదో వచ్చె. లైన్ల అందరు గట్లనే చేసిండ్రు. ఎవల్ది ఎవలకు పోయిందో దేవునికెరుక."

ఇది వాళ్ల బతుకు నడిచే తీరు. కార్ఖానా కార్డు లేని ఆమె కార్డున్న ఆమె పేరు మీద బీడీలు చుడుతుంది. ఒకరికి జ్వరమొస్తే ఆమె కార్డు మీద మాలు ఇంకొకరు ఇచ్చి వస్తారు. నంబరు పనికి సంబంధించింది, మనిషికి కాదు. చిట్టీ కూడా అలాంటిదే అనుకున్నారు.

కేతకికి మరాఠీలో చెప్పాను. అర్థం కాగానే ఆ పిల్ల ఫోటో వైపు తిరిగింది. "కాకా, అంటే ఆమెకు తెలియనే తెలియదు కదా," అంది. అవును. నోట్లో ఆ మచ్చ పెట్టుకుని ఒక ఆడమనిషి ఘర్కుల్‌లో ఎక్కడో కూర్చుని బీడీలు చుడుతోంది, తన ఫోటో ఇక్కడ బోర్డు మీద ఉందని ఆమెకు తెలియదు. పోస్టరు దించేయమన్నాను. అప్పటికే న్యాయనిర్ణేతలు పక్క బోర్డు దగ్గరికి వచ్చారు. వాళ్ల వెనకే మా ప్రొఫెసరు. కేతకి ఒకసారి నా వైపు చూసి, చున్నీ సర్దుకుని, తల వంచుకునే పోస్టరులో ఉన్నదంతా ఉన్నట్టే వివరించింది. ఆ పోస్టరుకే మొదటి బహుమతి వచ్చింది.

సాయంత్రం ఆమె ప్రొఫెసరుకు చెప్పింది. మమ్మల్నిద్దర్నీ గదికి పిలిచారు. ఆమెను కూర్చోమన్నారు, నన్ను అనలేదు. ఒక ఫోటో తప్పంటే అన్ని ఫోటోలూ తప్పే అవుతాయని, మొత్తం పరిశోధన చెత్తబుట్టలోకి పోతుందని ఆయన అన్నారు. ఆ మాట నిజమే. తర్వాత నా వైపు తిరిగి, మీవాళ్లే కదా, మీరే మెల్లగా కనుక్కోండి అన్నారు. బహుమతి సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి ఘర్కుల్‌లో తిరిగాను. ఆ దినం నీ చిట్టీ ఎవరికిచ్చావు అని ఏ గడపలో అడిగినా ఒకే జవాబు. "మా నంబర్ మా తాననే ఉండె సారు. ఎవ్వలకియ్యలే." దవాఖాన నుంచి వచ్చినా, కార్ఖానా నుంచి వచ్చినా, నంబర్లు మార్చుకున్నారా అని అడిగేవాడు కార్డు తీసేయడానికే వస్తాడని వాళ్ల భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలా కార్డులు పోయినవాళ్లు ఉన్నారు. చివరికి అంబుబాయి కూడా మాట మార్చింది.

"నేనెప్పుడన్న సారు? ఏదో నవ్వులాటకు అంటి," అంది తలుపు సగం మూసి.

ఒకామెకు ప్రాణం మీదికొచ్చిందని, కార్డుల జోలికి ఎవరూ రారని చెప్పాను. "అట్లనే అంటరు," అని లోపలి నుంచి వాళ్ల అత్త గొంతు వినిపించింది. తలుపు పూర్తిగా మూసుకుంది.

ఇక ఉన్న దారి ఒక్కటే. అందరి నోళ్లూ మళ్లీ చూడాలి. ఇంకో క్యాంపు కావాలని విభాగంలో అడిగాను. పరిశోధన ముగిసింది, దానికి మళ్లీ అనుమతి లేదన్నారు. ఆ ఫోటో అయినా ఇవ్వండి, పళ్లను బట్టి వెతుకుతానన్నాను. గోప్యత నియమం ప్రకారం ఫోటోలన్నీ చెరిపేశాం, పోస్టరూ చింపేశామన్నారు. బోర్డుకు తగిలించినప్పుడు ఆ గోప్యత ఎక్కడికి పోయిందని అడిగాను. మీ హోదా గుర్తుంచుకోండి అని సమాధానం వచ్చింది. బతిమాలి కొందరిని నేనే ఓపీడీకి తీసుకుపోయాను. ఒక పూట పోతే ఒక పూట కూలి పోయినట్టే కాబట్టి చాలామంది రాలేదు. వచ్చినవాళ్లలో ఆ మచ్చ ఎవరికీ లేదు. ఆ తర్వాత కరోనా వచ్చింది, గల్లీలకు అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు. కేతకి చదువు ముగించి వెళ్లిపోయింది. ఘర్కుల్ వాళ్లు కొందరు ఊరి బయటి కుంభారి కాలనీకి మారిపోయారు. నేను రిటైరయ్యాను.

రిటైరయ్యాక ఒకసారి మందుల కోసం ఆస్పత్రికి వెళితే, వార్డు బయట ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. వాళ్ల అత్త నర్సవ్వ లోపలుంది. దవడ సగం తీసేశారు. ఆమె మాట్లాడే స్థితిలో లేదు. కోడలే చెప్పింది. "నోట్ల పుండు శాన దినాలకెళ్లి ఉండె సారు. క్యాంపుల సూసిండ్రు గద, ఏమన్న ఉంటే పిలుస్తరు అనుకుంట ఉండె. పిల్వకపోయె, ఏం లేదనుకున్నది."

క్యాంపు రోజు అత్త చిట్టీ మార్చుకుందా అని అడిగాను. తనకు తెలియదంది. మాలు ఇచ్చేది ఉండి తొందర తొందరగా పోయిందని మాత్రం చెప్పింది. పది రోజులు తిరగకముందే నర్సవ్వ పోయింది.

ఆ ఫోటో నర్సవ్వదో కాదో నాకు తెలియదు. ఆమెదే అయితే, మేము ఆమె నోరు అందరికీ చూపించి, ఆమెకు మాత్రం చెప్పలేదు. ఆమెది కాకపోతే, ఏమీ తెలియకుండానే చావబోయే మనిషి ఇంకొకరు ఉన్నారు. ఏది నిజమైతే బాగుండునని కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. పేరు చెరిపి నంబరు వేయడం మనిషిని కాపాడటానికే, కానీ ఫోటో తీసే క్షణంలో చిట్టీ పట్టుకున్న మనిషిని పేరు పెట్టి ఒకసారి పిలవాలి. పిలిస్తే సరిపోయేది. పరీక్ష చేసి పిలవకపోతే, ఏమీ లేదని మనం చెప్పినట్టే వాళ్లు అనుకుంటారు. పరీక్షే చేయకపోయి ఉంటే నర్సవ్వ బహుశా ముందే ఆస్పత్రికి వచ్చేది.

ఈ సంచిక చదివేవాళ్లలో ఆ విభాగపు డాక్టర్లు ఉన్నారని నాకు తెలుసు. ఇద్దరు మన తెలుగువాళ్లే, హోట్గి రోడ్డులో నా ఇంటి దారిలోనే కార్లలో పోతుంటారు. నర్సవ్వ పోయాక నేను రాసిన ఉత్తరాలు వాళ్లకు అందాయి, జవాబు మాత్రం రాలేదు. క్యాంపుకు వచ్చిన ఆడవాళ్లలో బతికున్నవాళ్లు ఘర్కుల్‌లో, కుంభారిలో ఇంకా ఉన్నారు. వాళ్ల నోళ్లు మళ్లీ చూస్తారా, చూడరా? చూడము అనేదే మీ జవాబైతే అదైనా సంతకం పెట్టి ఇవ్వండి. ఈసారి నాకు జవాబు కావాలి.