డిక్కీ ఉన్న కారు

చదువు నన్ను పదో తరగతిలోనే దింపేసి వెళ్లిపోయింది కాబట్టి కెనడాలో, టొరంటోలోని ఎటోబికోలో ఊరందరి కార్లకూ టైర్లు మారుస్తున్నాను. మా షాపు మీది గదిలో అద్దెకుండే వరంగల్ అమ్మాయి మాత్రం కార్ డిజైన్ చదవడానికి వచ్చింది. పాత అమెరికన్ సెడాన్ ఏది షాపుకొచ్చినా, పైకప్పు నుంచి వెనక్కి జారే ఒంపును అరచేత్తో నిమిరేది. "డిక్కీ ఉంటేనే కారన్నా, లేకుంటే ఆటోనే" అనేది. కోర్సంతా సెడాన్లే గీసింది.

ఆమె చదువు ముగిసేసరికి అమెరికా కంపెనీలు, లాభమంతా వెనక మూతలేని తొట్టి ఉండే పికప్ ట్రక్కుల్లోనే ఉందని సెడాన్లు ఒక్కొక్కటే ఆపేశాయి. ఇంటర్వ్యూల్లో ఆమె బొమ్మలను మెచ్చుకుని, ఆమెను పంపించేశారు. వర్క్ పర్మిట్ ఇంకో నెలలో అయిపోతుందనగా, తుక్కుకు పోబోతున్న సెడాన్ ఒకదాన్ని నిమురుతూ నిలబడిపోయింది. ఏడుస్తుందేమోనని భయపడి, నాకు చేతనైన పనే చేశాను. జోకేశాను.

"చక్రాలు పెద్దవి గీసి, డిక్కీ మూత పీకెయ్యమ్మా. అదే పికప్ అవుతుంది. ఉద్యోగం ఇంటికొచ్చి ఇస్తారు."

ఆమె చెయ్యి తీయకుండానే అంది: "పికప్ మొన్ననే గీసి పంపిన అన్నా. మంచిగుందన్నరు. ఇప్పుడు గీసేటోళ్లనే తీసేస్తున్నరట."