రాండల్ గిడ్రీ గారి జాలిగుండె

అమెరికాలో, లూసియానాలోని ఆ ఊరికి రెండు వైపులా, హైవే పక్కన బోర్డుల మీద లాయరు రాండల్ గిడ్రీ బొమ్మ ఉంటుంది. బొమ్మ పక్కన ఇంతింత లావు అక్షరాలు: "మా నాన్న చెయ్యి పోయింది. అందుకే మీకోసం పోరాడతాను." ఆ బోర్డు ముందు నుంచి కారులో వెళ్లినప్పుడల్లా అతని అక్క వెర్నాకు ఒళ్లు మండుతుంది. పోరాడతాడట, పోరాటం! ఇన్నేళ్ల ప్లీడరీలో వీడు ఒక్క కేసయినా జ్యూరీ ముందు వాదించిన పాపాన పోలేదు. దెబ్బలు తగిలినవాళ్లను పోగెయ్యడం, కంపెనీవాళ్లతో రాజీకి కూర్చోవడం, తన వాటా తను పట్టుకుపోవడం. వీడి పోరాటమంతా అంతే.

నాన్న చెయ్యి పోయిన మాట నిజమే. అల్సీడ్ గిడ్రీ సామిల్లులో పనిచేసేవాడు. పని జోరుగా సాగాలని మేస్త్రీ రంపానికి ఉన్న అడ్డురేకు ఊడదీయించాడు. వారం తిరక్కుండానే అల్సీడ్ కుడిచెయ్యి మణికట్టు దాకా తెగిపోయింది. మిల్లు ఓనరు పరామర్శకు వచ్చి, రేకు తానే తీశానని అల్సీడ్ ఒప్పుకుంటే కొడుకు కాలేజీ చదువు తన పూచీ అన్నాడు. చచ్చినా ఒప్పుకోనని అల్సీడ్ మొండికేశాడు. అప్పుడు పద్దెనిమిదేళ్ల రాండల్ మంచం పక్కన కూర్చుని, తండ్రి వీపు నిమురుతూ, "నాన్నా, ఇంతకంటే మంచి బేరం మనకు రాదు. నా మాట విను" అన్నాడు. ఆ మాట విన్నందుకు అల్సీడ్ తన తప్పువల్లే చెయ్యి పోగొట్టుకున్నవాడిగా ఊళ్లో మిగిలిపోయాడు. కొడుకు లాయరయ్యాడు. ఈ సంగతి ఏ బోర్డు మీదా ఉండదు.

ఏటా గుడ్ ఫ్రైడే నాడు రాండల్ ఊరందరికీ కారపు నీళ్లలో ఉడికించిన బురదరొయ్యల విందు పెడతాడు. ఈసారి తన ఆఫీసుకు టీవీ ప్రకటన తీసేవాళ్లను కూడా రప్పించాడు. నాన్నకు కొత్త చొక్కా తొడిగించి, కెమెరా ఎదురుగా కూర్చోబెట్టాడు. పక్కనే ఓడెట్‌ను కూర్చోబెట్టాడు. ఓడెట్ జడలు అల్లి బతికే మనిషి. అదే మిల్లు దుంగల లారీ, బ్రేకులు పడక, ఆమె కారును గుద్దింది. కుడిచేతి వేళ్లు నుజ్జయ్యాయి. ఫోను చూసుకుంటూ ఆమే అడ్డం వచ్చిందని మిల్లువాళ్లు ఊరంతా చాటారు. ఆమెకు కావలసింది ఒక్కటే: తప్పు తనది కాదని కోర్టులో పదిమంది ముందు తేలాలి. కేసు రాండల్‌కు అప్పగించింది. సోమవారం విచారణ మొదలు. కోర్టంటే వణుకు గనక రాండల్ ఈలోపే రాజీ మాట్లాడుకొచ్చాడు. తప్పు తనదేనని ఆమె ఒప్పుకుంటే మిల్లువాళ్లు కొంత సొమ్ము ఇస్తారట. ఆమె ఇంకా ఊఁ అనలేదు.

చెయ్యి పోయిన ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర చూపిస్తే ప్రకటన పండుతుందనుకున్నాడు మహానుభావుడు.

"ఆ రోజు నుంచీ మా నాన్నకు రొయ్యలు ఒలిచి పెట్టేది నేనే" అన్నాడు కెమెరా వైపు తిరిగి. రొయ్య తల తుంచబోయి కారపు నీళ్లన్నీ చొక్కా మీద చిమ్ముకున్నాడు. ఆ ఊళ్లో పాలు మానిన పిల్లలకు కూడా వచ్చిన పని అది.

"ఏడ్చినట్టుంది. ఒరేయ్, ఇన్నేళ్లూ ఒలిచింది నేను. ఆ వాసన నీ చేతికి ఎప్పుడన్నా అంటిందా?" అంది వెర్నా.

"అక్కా, కెమెరా నడుస్తోంది!"

"నడవనీ. నీ భాగోతం ఊరు కూడా చూస్తుంది."

రాండల్ ఆమెను వదిలేసి ఓడెట్ వైపు వంగాడు. వీపు నిమురుతూ గొంతు తగ్గించాడు. "సోమవారం దాకా ఎందుకమ్మా, ఇప్పుడే సరే అనేయ్. ఇంతకంటే మంచి బేరం నీకు రాదు. నా మాట విను."

అల్సీడ్ నమలడం ఆపేశాడు.

"అమ్మాయీ, నాకూ ఇదే మాట చెప్పాడు. ఇలాగే వీపు నిమిరాడు" అన్నాడు. "రేకు నేను తియ్యలేదు తల్లీ. తీశానని చెప్పేదాకా వీడు నా ప్రాణం తోడేశాడు."

రాండల్ ముఖం మాడిపోయింది. "నాన్నా, నేను లాయరయింది నీ కోసమే కదా!"

"నోర్ముయ్! నా చెయ్యి అమ్ముకుని చదువుకున్నావు. బోర్డుకెక్కించి ఇంకా అమ్ముకుంటూనే ఉన్నావు. ఇప్పుడీ పిల్ల చెయ్యి కూడా కావలసొచ్చిందా నీకు?" ముసలాయన కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

ఓడెట్ లేచి నిలబడింది. "లాయరు గారూ, నాకు మీరొద్దు. పక్క ఊళ్లో ఒక లాయరమ్మ ఉందట. జడ్జి ముందు నిలబడి వాదిస్తుందట. ఆమె దగ్గరికి పోతాను."

"పద, నా కారులో పోదాం" అంది వెర్నా.

"నన్ను కూడా సాక్షిగా పిలిపించమ్మా" అన్నాడు అల్సీడ్. "ఆ మిల్లువాళ్లు చెయ్యని తప్పు ఎలా ఒప్పిస్తారో నాకంటే బాగా ఎవరు చెప్తారు?"

ముగ్గురూ కారు వైపు నడిచారు. రాండల్ చొక్కా దులుపుకుని కెమెరావాడి దగ్గరికి పోయాడు. వెనకనుంచి వినబడిన ఆ మాట తను వినకపోతే బాగుండేదని వెర్నా ఇప్పటికీ అంటుంది. రాండల్ అతనితో అన్న మాట ఇది: "నాన్న ఏడుపు బాగా వచ్చింది, అది ఉంచెయ్. మాటలు మాత్రం తీసెయ్."